సురేషు నిలబెట్టిన పాత టైమరు

సెక్టర్ 6, భిలాయి

అన్నయ్యకి, వదినకి మీ చెల్లి దణ్ణాలు పెట్టి రాస్తున్నాను. అక్కడ అందరూ ఒంట్లో బాగుండాలి. వదిన మోకాలు ఎలాగుంది? మేం తింటున్నాం, ఉంటున్నాం. మా సురేషు పోయి ఎనిమిది నెలలయింది, ఇంకేటి రాయను. ఇక్కడ వానలింకా తగ్గలేదు.

నా ఒళ్ళు మండిపోతోంది, అది చెబుదామనే కూర్చున్నాను. హథ్‌ఖోజ్‌లో వాడు పనిచేసిన కార్ఖానాలో ఇనప సామాను కాల్చే కొలిమి ఉంది కదా. సామాను ఎంతసేపు కాలాలో ఒక పాత కంప్యూటరు లెక్కెడతాది. ఆ లెక్కెట్టే ముక్కని టైమరంటారు. కంప్యూటరుని నడిపించే సిస్టం కొత్తది ఎక్కిస్తే, ఈ పాత టైమరు దానికి అర్థమవలేదట. గంట కాలవలసింది పది నిమిషాలు ఎక్కువ కాలిపోయేది. మావాడు రెండు నెలలు కూర్చుని, పాత టైమరు కూడా పనిచేసేలాగ ఆ సిస్టంలోనే రాసేడు. దేశదేశాల వాళ్ళు కలిసి రాసుకునే సిస్టమట. వాడిది తీసుకున్నారు. రాసినదాని పైన వాడి పేరుంది, నాకు చూపించేడు.

ఇప్పుడా సిస్టం వాళ్ళు వాడు రాసింది తీసేస్తారట. వాడితో పనిచేసిన ప్రీతి వొచ్చి చెప్పింది. "ఆంటీ, పాత టైమర్లు ఎవరూ వాడటం లేదంటున్నారు. వాడేవాళ్ళు నెలాఖరులోగా రాస్తే ఉంచుతారు. మా కార్ఖానా సేఠ్ రాయనంటున్నాడు." పాత కంప్యూటరుతో పని నడుపుతున్నాడని సరుకు కొనేవాళ్ళకి తెలిస్తే పరువు పోతాదట.

కార్ఖానాలో విశ్వకర్మ పూజకి పిలిస్తే వెళ్ళేను. కంప్యూటరుకి బొట్టెట్టి, పైన గోడకి మావాడి ఫోటో పెట్టి, ఇంత లావు దండ వేసేడు సేఠ్.

"మాతాజీ, మీ అబ్బాయి మాకు దేవుడు" అన్నాడు.

"దేవుడి కోసం రెండు లైన్లు రాయలేవా భయ్యా" అన్నాను.

"చూద్దాం, ముందు ప్రసాదం తీసుకోండి."

ప్రసాదం అక్కడే పెట్టేసి, కుర్చీ ఎక్కి, దండతో సహా ఫోటో తీసుకుని వొచ్చేసేను. అందరూ చూసేరు. చూడనీ.

నాలుగోరోజు సేఠ్ ఇంటికొచ్చేడు. పూజ చేసిన ఫోటో పోతే కొలిమికి మంచిది కాదని పనివాళ్ళు గొణుగుతున్నారట. గుమ్మంలోనే కూర్చోబెట్టి, ప్రీతిని పిలిచి, పాత టైమరు వాడుతున్నామని సేఠ్ చేత ఫోన్‌లో రాయించేను. ప్రీతి చదివి వినిపించింది. మావాడి పేరు లేదు. "పేరు రాయి" అన్నాను. రాసి పంపించేడు.

చిన్నప్పుడు వాడు మీ ఇంట్లో విప్పేసిన అలారం గడియారం ముక్కలుంటే పారేయకండి, ఎవరైనా ఇటొస్తే పంపండి. పిన్నికి, మామయ్యకి నా దణ్ణాలు చెప్పండి. నా మీద మీ దీవెన ఉండాలి.

ఫోటో మాత్రం సేఠ్‌కి ఇవ్వలేదు. ఆ సిస్టం వాళ్ళ దగ్గర్నించి జవాబు రానీ, అప్పుడు చూద్దాం.

మీ చెల్లి
పార్వతి