గ్లాసు జరిగే వైపు

నాకు భయం లేదక్కా. నిన్న అమ్మే అట్లా అన్నది: "నువ్వు పిరికోనివిరా, అందుకే అక్కను పిలుస్తలేవ్."

నువ్వు జ్వరంతో పోయి ఇవ్వాళ్టికి ఏడాది. మణుగూరు నెట్ సెంటర్లో చూసే దయ్యాల సీరియల్ గురించి అమ్మకు చెప్పింది నేనే. అందులో బోర్డు మీద అక్షరాలు రాసి, బోర్లించిన గ్లాసు మీద వేళ్ళు పెట్టి, పోయినవాళ్ళను పిలుస్తారు. గ్లాసు అక్షరాల మీదికి జరిగి జవాబు చెబుతుంది.

ఇవ్వాళ అమ్మ పక్కింటి క్యారమ్ బోర్డు పట్టుకొచ్చింది. దవాఖానాకు లేటుగా తీసుకుపోయినందుకు నీకు కోపముందా అని అడుగుతుందట.

"అక్క బడికే పోలే గదమ్మా, అక్షరాలెట్ల చూపిస్తది?" అన్నాను.

"ఈ ఏడాదిల నేర్సుకోలేదని నీకెవడు చెప్పిండు?"

నేను సుద్దముక్క తీసుకున్నాను. అయినా అక్షరాలు రాయలేదు. నీకు కోపం లేకుంటే గ్లాసు పోవడానికి ఒక మూల, నువ్వు పెంచిన మేకపిల్లను గీశాను. కోపానికి ఏం గీయాలో తెలియక ఎదురు మూలను ఖాళీగా వదిలేశాను.

అమ్మ ఒక్కతే వేలు పెట్టి కూర్చుంది. గ్లాసు ఖాళీ మూలకే జరుగుతోంది. నేను కూడా వేలు పెట్టి మేక వైపు లాగాలి. అమ్మ దగ్గరికి పోవాలక్కా.