ఎవరికీ చెప్పని చుట్టరికం

తమ్ముడికి,

కరెంటు కమిషన్‌లో న్యాయం చెప్పే కుర్చీ నీది. అందుకని నేను నీ అక్కనని ఎవరికీ చెప్పొద్దన్నావు. సబబే అనుకుని కడుపులో దాచుకున్నాను.

మొన్న విచారణలో నిన్ను "అయ్యా" అనే పిలిచాను. సగం పూట కరెంటు లేక నా కుట్టుమిషన్లు ఆగిపోతున్నాయని చెప్పబోతుంటే, "రెండు నిమిషాలయ్యాయి, కూర్చోండమ్మా" అన్నావు. నొచ్చుకోలేదు. అందరికీ అదే పద్ధతి అనుకున్నాను.

తర్వాత వరండాలో, నీకు ఏ చుట్టమూ కాని కరెంటు కంపెనీ మేనేజరు నీ భుజం మీద చెయ్యేసి, "తీర్పు మావాళ్లే రాసి పంపుతారు బావా, నువ్వు సంతకం పెట్టు చాలు" అన్నాడు. నువ్వు నవ్వావు. నన్ను చూసి తల తిప్పుకున్నావు.

మన చుట్టరికం ఇకపైనా ఎవరికీ చెప్పను. ఇన్నాళ్లూ నీ పరువు కోసం దాచాను. ఇకనుంచి నా పరువు కోసం.

ఇట్లు,
నువ్వు కూర్చోమన్న అమ్మ