గాలం ముడి గురించీ, శ్యాంసుందర్ గురించీ

పాండేసర, సూరత్,
ఏప్రిల్ 6.

నా బిడ్డ లాస్యకు బాపు దీవెనలు.

నాకు ఒంట్లో ఏ నలతా లేదు. మెట్‌పల్లిలో అమ్మకు మోకాళ్ల నొప్పి తప్ప మిగతా అంతా బాగానే ఉందట, బీడీల పని కూడా దొరుకుతోందట. ఆ మంచు కొండల కింద నువ్వు వేళకు తింటూ క్షేమంగా ఉన్నావనే నమ్మకంతో రాస్తున్నాను. పైన చిరునామా మారిందని చూసి గాబరాపడకు. ఆ సంగతీ రాస్తాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పనీ. అలా మొదలుపెడితే తప్ప నాకు చెయ్యి ఆడదు.

మీ చెరువులో పెంచి వదిలిన ట్రౌట్ చేపల్ని సరదాకు పట్టడానికి వచ్చేవాళ్ల దారాలు ఊరికే తెగిపోతున్నాయనీ, గాలాలు నోట్లో ఉండిపోయి మర్నాటికి చేపలు తేలుతున్నాయనీ, మేనేజరు ఆ తప్పు నీ నెత్తిన పెడుతున్నాడనీ రాశావు. కాలేజీలో చేపల రోగాలన్నీ చెప్పారు గానీ ముడి వేయడం చెప్పలేదన్న మాట దగ్గర నవ్వుకున్నాను. వలలు అల్లిన ఇంట్లో పుట్టినదానివి, ఆ మాట మీ తాత వినకుండా పోవడమే మేలయింది.

ట్రౌట్‌ను నేను కళ్లతో చూడలేదు. ఇన్నాళ్లూ నేనున్న మా మిల్లు సేఠ్ ఫారం గుంటలో ఉన్నవి బొచ్చెలూ, రవ్వలూ. కానీ నువ్వు రాసినదాన్ని బట్టి నాకు తోచింది చెబుతాను. మీ నీళ్లు అద్దంలా ఉంటాయన్నావు. అలాంటి నీళ్లలో లావు దారం వేస్తే చేప దాన్ని చూసి పక్కకు తప్పుకుంటుంది. రీలు అట్ట మీద దారం ఎంత బరువు ఆపుతుందో రాసి ఉంటుంది. నాలుగు పౌండ్లది తీసుకో. మరీ పెద్ద చేపలుంటే ఆరు, అంతకు మించొద్దు. వచ్చేవాళ్లు సముద్రానికి వాడే దారం తెచ్చుకుంటే మొహమాటపడకుండా పక్కన పెట్టించు.

దారం తెగినప్పుడు పారేయకు, కొసను చూడు. కొస మెలికలు తిరిగి పంది తోకలా ఉంటే దారం తప్పు కాదు, ముడి జారిందన్నమాట. గరుకుగా అరిగి ఉంటే రాయికి ఒరుసుకుంది. ఒక్క వారం ఈ కొసలన్నీ ఒక డబ్బాలో దాచి మీ మేనేజరుకు చూపించు. నా లెక్కన చాలావరకు ముళ్లే జారుతుంటాయి.

ముడి ఇలా వెయ్యి. దారాన్ని గాలం కంట్లోంచి, అంటే పైనున్న చిల్లులోంచి దూర్చి, అదే దారం చుట్టూ ఐదారు చుట్లు తిప్పు. గాలం కంటి పక్కన చిన్న సందు మిగులుతుంది. కొసను అందులోంచి తీసి, ఇప్పుడు ఏర్పడిన పెద్ద సందులోంచి మళ్లీ వెనక్కి తియ్యి. బిగించేముందు ఉమ్ముతో తడుపు. ఎండు దారాన్ని లాగితే రాపిడికి వేడెక్కి అక్కడే చచ్చుపడుతుంది. మెల్లగా, ఒకే ఊపున లాగు. జడలా అల్లిన దారానికి మాత్రం ఈ ముడి ఆగదు. దాన్ని రెండు పేటలు చేసి కంట్లోంచి దూర్చి, మామూలు ముడి ఒకటి వదులుగా వేసి, చివర మిగిలిన ఉచ్చులోంచి గాలాన్నే దాటించి బిగించు.

ఇక ఎర. మీ చేపలు తొట్టిలో గుళికలు తిని పెరిగినవి. వానపామును చూపిస్తే మొదటి వారం వాటికి అది తిండని కూడా తెలియదు. అందుకని అవే గుళికలు నానబెట్టి, గోధుమపిండితో కలిపి, శనగ గింజంత ఉండ చేసి పెట్టించు. నెల గడిచాక వానపాములు మొదలుపెట్టు. సీసం గుండు అడుగున ఉండాలి, ఎర మాత్రం జానెడు పైకి తేలాలి. గాలం మొన వెనక ఉండే ఎదురు ముల్లును పట్టకారుతో నొక్కి చదును చేయించు, సులువుగా ఊడి వస్తుంది. లోపలికి మింగేస్తే పీకొద్దని చెప్పు. నోటి దగ్గర దారం కత్తిరించి వదిలేస్తే బతికే అవకాశం ఉంటుంది.

ఇదంతా ఈ పదకొండు నెలల్లో నేర్చుకున్నదే. ఆదివారం వచ్చిందంటే రింగ్ రోడ్ బట్టల వ్యాపారులూ, ఆల్థాన్ నుంచి డాక్టర్లూ కార్లలో దిగేవారు. సేఠ్ చేప తినడు, ఇంట్లో గుడ్డు కూడా వండరు. పట్టినదాన్ని ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలోకే వదలాలి. ఒక పెద్ద బొచ్చె ఉండేది. దాని కింది పెదవి నాలుగుచోట్ల చినిగింది. అయినా ప్రతి ఆదివారం వచ్చి పడేది. గాలం తీసి వదిలేటప్పుడు దాని మొహం చూడబుద్ధయ్యేది కాదు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. ఫోన్ ఎందుకు ఎత్తవని నాలుగు ఉత్తరాల నుంచి అడుగుతున్నావు. ఫారం దగ్గర సిగ్నల్ రాదని రాశాను. బిడ్డా, టవరు ఫారం గోడకు ఆనుకునే ఉంది. సిగ్నల్ బాగా వస్తుంది. నాకే వినపడదు.

ఎడమ చెవి పోయి ఆరేళ్లయింది. కుడి చెవికి, దగ్గరగా నోరు పెట్టి చెబితే కొంత అందుతుంది. ఇరవై రెండేళ్లు మర మగ్గాల మధ్య నిలబడ్డవాడిని. ఆ చప్పుడులో మేమంతా పెదవులు చూసే మాట్లాడుకునేవాళ్లం. అందుకే వినికిడి ఎప్పుడు పోయిందో నాకే సరిగ్గా తెలియలేదు. నువ్వు ఇంటర్‌లో ఉండగా పండక్కి వచ్చినప్పుడు, బాపు నా మాట వినిపించుకోడని అలిగావు. నీ పెదవులు కనిపించకపోతే నువ్వు మాట్లాడినట్టే నాకు తెలియదని ఆ రోజు చెప్పలేకపోయాను.

మగ్గం వదిలి పాండేసరలో అద్దకం మిల్లుకు మారినప్పుడు, శ్యాంసుందర్ బాబాయి నాకు తోడు. ఆయన పోయాడని నీకు రాశాను, ఎలా పోయాడో రాయలేదు. ఆ ముందటి ఏడాది మిల్లులో అందరికీ చెవుల పరీక్ష పెట్టారు. వినపడనివాణ్ని మిషన్ల మీద ఉంచరని చెప్పుకున్నారు. నా పని పోయినట్టేనని బాబాయితో అన్నాను. శ్యాంసుందర్ నవ్వి, "ఏంది సోమన్నా, గింతదానికి గంత ఫికరా? నీ పేరు మీద నేను కూసుంట" అన్నాడు. డాక్టరు మొహాలు చూడలేదు, పేర్లు రాసుకున్నాడంతే. సోమలింగం చెవులు నిక్షేపంగా ఉన్నాయని కాగితం వచ్చింది. ఇద్దరం చాయ్ తాగి ఆ కాగితాన్ని చూసి నవ్వుకున్నాం.

మిల్లులో హైడ్రో అనే మిషన్ ఉంటుంది. తడి బట్టను గిర్రున తిప్పి నీళ్లు పిండేస్తుంది. మూత తీస్తే దానంతటది ఆగాలి. పని తొందరగా సాగడం లేదని ఆ ఆపే స్విచ్‌ను మా సూపర్‌వైజర్ పరమేశ్వర్ ఎప్పుడో తీయించేశాడు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో, పగటి షిఫ్టులో, మిషన్ ఇంకా తిరుగుతుండగానే శ్యాంసుందర్ బట్ట కోసం వంగాడు. తడి చీర కొంగొకటి చేతికి చుట్టుకుని లోపలికి లాగింది.

కరెంటు మీట నా చేతికి అందేంత దూరంలో ఉంది. నేను అటు వీపు పెట్టి ట్రాలీలోకి బట్ట సర్దుతున్నాను. మిషన్ మీద ఉన్నది మేమిద్దరమే. అవతలి వరుసలోని మనుషులు పనులు వదిలి నన్ను దాటుకుని పరుగెత్తడం చూసి తిరిగాను. అప్పటికి ఎంతసేపయిందో నాకు తెలియదు. తిరిగాక మీట ఆపింది నేనే. ఆయన రెండు రోజులు బతికాడు.

మూడో రోజు పరమేశ్వర్ నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయనది మన జగిత్యాల వైపే. కుడి చెవి దగ్గరికి వంగి మాట్లాడాడు. అప్పుడే అర్థమైంది, నా సంగతి ఆయనకు ఎప్పటినుంచో తెలుసని.

"శ్యాంసుందర్ తాగొచ్చిండు, వద్దన్నా ఇనకుంట మూత తీసిండు. ఇదే రాసినం. పక్కనున్నది నువ్వే, దస్తఖత్ నువ్వే పెట్టాలె."

"ఆయన తాగడు గద సార్."

"మరి స్విచ్ సంగతి చెప్తవా? చెప్పు. నీ చెవుల సంగతి నేను చెప్త. దొంగ కాగితం పెట్టి పనిల ఉన్నడు, మనిషి ఒర్రుతుంటే గోడ లెక్క నిలవడ్డడు అని. అప్పుడు సావు ఎవని మీదికొస్తదో సోచాయించు."

సంతకం పెట్టాను లాస్యా. నీ కాలేజీ కాగితాల మీద పెట్టిన అదే సంతకం.

వారం తిరక్కుండా నన్ను కామ్రేజ్ అవతల సేఠ్ ఫారానికి పంపారు. తేలిక పని, ఉండటానికి గది, వేళకు భోజనం అని నీకు రాశాను. అవన్నీ నిజమే. నా ఆధార్ కార్డు పరమేశ్వర్ దగ్గరే ఉండిపోయింది. గేటు దాటాలంటే ఆయనకు ఫోన్ చేసి అడగాలని వాచ్‌మన్‌కు చెప్పారు. మొదట్లో రెండుసార్లు అడిగాను. తర్వాత అడగడం మానేశాను. బయటికి వెళ్లి ఎవరి మొహం చూడాలి? పొద్దున్నే లేచి గుంట చుట్టూ తిరిగేవాణ్ని. నూట అరవై అడుగులకు మళ్లీ బయలుదేరిన చోటికే వచ్చేవాణ్ని. ఊరికే గాలాలు కట్టి, విప్పి, మళ్లీ కట్టేవాణ్ని. తాళం వాళ్లదే, కానీ లోపలినుంచి నేను కూడా ఒకటి వేసుకున్నాను.

ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం శ్యాంసుందర్ భార్య సారక్క గేటు దగ్గరికి వచ్చింది. ఎవరిని అడిగి కనుక్కుందో, రెండు బస్సులు మారి వచ్చింది. వాచ్‌మన్ లోపలికి రానివ్వలేదు. కటకటాలకు అటు ఆమె, ఇటు నేను.

"అన్నా, ఒక్కటే అడుగుత," అంది. "ఆ దినం ఆయన తాగిండా? నా పెనిమిటి తాగి సచ్చిండని అందరు అంటుండ్రు. నా కొడుక్కు సుత గదే చెప్పిండ్రు. లేబర్ కోర్టుల కేసు ఏసిన. వచ్చే నెల ఇరవై నాలుగున పేషీ."

నేను తల అడ్డంగా ఊపాను. తాగలేదనో, నాకు తెలియదనో నాకే తెలియని ఊపు. ఆమె బస్సుకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత మూడు వారాలు నాతో నేనే పోట్లాడి, పేషీకి రెండు రోజుల ముందు, ఆదివారం, ఎప్పట్లా వచ్చిన అతిథులందరూ గుంట గట్టున కూర్చుని ఉండగా సేఠ్ ముందుకు వెళ్లాను. నా కార్డు ఇప్పించండి, నేను సూరత్ వెళ్లాలి, కోర్టులో చెప్పేది ఉంది అన్నాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. చేతిలోని గాలం కర్ర కింద పెట్టి, "తుమ్హే కిస్‌నే రోకా హై?" అన్నాడు. నిన్ను ఎవరు ఆపారు అని. ఆ మాట ఆయన పెదవుల మీదే చదివాను. నిజంగానే ఎవరూ కాగితం మీద ఆపలేదు.

సోమవారం పరమేశ్వర్ కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "సావు నీ మీదికే వస్తది, యాదుంచుకో," అన్నాడు.

"నా మీద ఉన్నదేదో ఉండనే ఉంది సార్," అన్నాను.

కోర్టు గదిలో అధికారి ఏదో అడిగారు. తల వంచి కాగితాలు చూస్తూ అడగడం వల్ల పెదవులు కనిపించలేదు. అందరూ నా వైపు తిరిగారు. అన్నేళ్లు దాచినది మొట్టమొదట చెప్పక తప్పలేదు. "సాబ్, ముఝే సునాయీ నహీ దేతా. లిఖ్ కే దీజియే," అన్నాను. నాకు వినపడదు, రాసివ్వండి అని. ఆయన తల ఎత్తి చూసి, ప్రశ్నలు హిందీలో పెద్ద అక్షరాలతో రాయించి ఇచ్చారు. ఒక్కొక్కటి చదివి చెప్పాను. స్విచ్ గురించి, సంతకం గురించి, శ్యాంసుందర్ తాగలేదని. చెవుల పరీక్షకు ఆయనే నా బదులు కూర్చున్నాడని. ఆయన పిలిచి ఉంటాడనీ, నేను వినలేదనీ.

సారక్క వెనక బెంచీ మీద ఉంది. బయట వరండాలో నా ఎదుటికి వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను.

"ఆయన ఏమని పిలిచిండు? నీ పేరు పిలిచిండా, నా పేరు పిలిచిండా?"

ఆమెకు నేను ఇవ్వగలిగింది ఏదైనా ఉంటే అదొక్కటే. అది నా దగ్గర లేదు బిడ్డా. ఆ మాటే చెప్పాను. ఆమె గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

ఇప్పుడు మెట్‌పల్లి మనుషులతో పాండేసరలో ఒక గదిలో ఉంటున్నాను. పని లేదు. తర్వాతి పేషీ జూన్‌లో, అంతదాకా ఊరు విడిచి వెళ్లొద్దన్నారు. దొంగ కాగితానికి నా మీద కేసు పెడతారో లేదో తెలియదు. అమ్మకు విడిగా రాస్తున్నాను. నువ్వు ముందే ఫోన్‌లో చెప్పకు.

చెరువు గట్టున కూర్చోవడానికి మనిషి కావాలని మీ మేనేజరుకు నా పేరు చెప్పానన్నావు. ఇప్పుడు రాలేను. తర్వాత కూడా, మా బాపుకు వినపడదని ముందు ఆయనకు చెప్పు. నీళ్ల పక్కన ఎవరైనా జారిపడి పిలిస్తే నాకు తెలియదని చెప్పు. అది విన్నాక కూడా రమ్మంటే చూద్దాం. నువ్వు నా మీద కోపం తెచ్చుకుంటే తెచ్చుకో, దాచుకోకుండా రాయి.

నిన్న సాయంత్రం సారక్క మా గది గుమ్మం దాకా వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. వెలుతురు తన మొహం మీద పడేలా జరిగి నిలబడి, నాకు తెలిసేటట్టు ఒక్కో మాటే నిదానంగా అంది.

"నా ఇంటికి రాకు అన్నా. ఎదురైతే పలకరియ్యకు. గని జూన్‌ల పేషీకి మాత్రం తప్పకుంట రా."

వస్తానన్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం గుమ్మం వైపు చూస్తూ ఉండే
నీ బాపు,
సోమలింగం.