మామయ్య పెరటి దుంప

గరిటె పట్టిన చేతికి, ఆ చేతి వెనకున్న మామయ్యకు మేనల్లుడి సాష్టాంగ నమస్కారం.

ఒకసారి తప్పిన బోటనీ ప్రాక్టికల్ మళ్లీ నెత్తిమీదికి వచ్చింది. ఈసారీ తప్పితే నీ క్యాంటీన్‌లో ఉల్లిపాయలు తరుగుతానని అమ్మ ముందు ఒప్పుకున్నాను. నన్నిప్పుడు ఒక బంగాళాదుంపే కాపాడాలి. అది వేరు కాదు, మట్టిలో దాక్కున్న కాండం. పలచగా కోసి అయోడిన్ చుక్క వేస్తే, మైక్రోస్కోప్‌లో దాని కణాల నిండా పిండి రేణువులు నీలంగా కనబడాలి. మా లెక్చరర్‌గారు అంగట్లో కొన్నది ముట్టరు. నీ పెరట్లోంచి తవ్వి పంపు.

ఇట్లు, నీ దుంప మీద ఆశ పెట్టుకున్నవాడు.

తా.క. కళ్లు తీసేయకు. అది కాండమని సాక్ష్యం చెప్పే మొగ్గలవే.

*

చిరంజీవి అల్లుడికి పొయ్యి పక్కనుంచి ఆశీస్సులు.

పంపాను. కోసేటప్పుడు నీకు చెయ్యి నొప్పెట్టకుండా మెత్తగా ఉడకబెట్టి, తొక్క తీసి, కళ్లు గిల్లేశాను. పచ్చి సరుకు నా వంటింటి గడప దాటడం నామోషీ.

ఉంటాను, పాలు పొంగుతున్నాయి.

తా.క. చిన్న కత్తి ఒకటి సాన పెట్టించాను. ఊరికే.

*

మామయ్యకు సగం నమస్కారం.

నా దుంప తెంచావు. ఉడికేసరికి రేణువులన్నీ ఉబ్బి పగిలి జిగురైపోయాయి. లెక్చరర్‌గారు చూసి, "ఇది స్లైడా, అట్టలకేసే బంకా?" అన్నారు. పరీక్ష శుక్రవారం. పచ్చిది, మట్టితో సహా పంపు.

ఇట్లు, మునుగుతున్నవాడు.

తా.క. మిగిలింది రూమ్మేట్ ఉప్పు వేసుకుని తిన్నాడు. నిన్ను మెచ్చుకున్నాడు.

*

అల్లుడికి మళ్లీ ఆశీస్సులు.

ఒక్కటే మిగిలింది. కిటికీలో ఎండ తగిలి ఆకుపచ్చగా తిరిగింది. వంటకు పనికిరాదు, చదువుకు చాలదూ?

ఉంటాను, అన్నం మాడుతోంది.

తా.క. నీ నడుము కొలత ఎంత?

*

మామయ్యకు పూర్తి నమస్కారం, వడ్డీతో.

దాన్ని చూడగానే ఏడుపొచ్చింది. గతిలేక తొక్క కిందే కోశాను. కణాల్లో ఆకుపచ్చ చుక్కలు. లెక్చరర్‌గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "పిండి దాచే ప్లాస్టిడ్లే వెలుతురు పడితే పత్రహరితం నింపుకుంటాయి. ఇన్నేళ్లూ నేను చెప్పడమే గానీ తెచ్చి చూపించినవాడు లేడు" అని క్లాసంతటినీ వరస కట్టించి చూపించారు. పాసయ్యాను. నిజం చెప్పు, కావాలనే ఎండలో పెట్టావు కదూ?

ఇట్లు, ఒడ్డునపడ్డవాడు.

తా.క. అలాంటిది ఎవరికీ వండిపెట్టకు. కడుపు పాడవుతుంది.

*

పాసైన అల్లుడికి, ఆశీస్సులే.

ఎండలో పెట్టింది మరిచిపోయి. కావాలని చేసింది ఉడకబెట్టడం. ఉల్లిపాయలు తరిగేవాడు మానేసి నెలయింది. నువ్వు తప్పుతావని గట్టిగా నమ్ముకున్నాను. మళ్లీ అడిగావని, ఒక్కటే మిగిలిందని బొంకి, బుట్టెడు దుంపల్లో అన్నిటికంటే పాడైనదాన్ని ఏరి పంపాను. అది నిన్ను గట్టెక్కించింది. ఇప్పుడు దుంప తెగింది నాది.

ఉంటాను, కళ్లు మండుతున్నాయి. ఉల్లిపాయలే.

తా.క. ఏప్రన్ కుట్టించేశాను, పంపుతున్నాను. ల్యాబ్‌లో వేసుకో. జేబు మీద "ఉల్లిపాయల విభాగం" అని ఉంటుంది. ఎవరైనా అడిగితే అదీ భూమిలో కాండమే అని చెప్పు.