ఎడమ మడమ కింది ముల్లు

బుధవారం, రాత్రి

గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసుకునే మునిరత్నం సాయంత్రం నన్ను ఐదో గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి, గ్రీన్ మీదికి పిలిచాడు. గుంత పక్కన గడ్డి చిన్న చిన్న నక్షత్రాల్లా చిరిగి ఉంది. నా బూటు ఎత్తించి, జారకుండా అడుగున బిగించే ముళ్లు చూశాడు.

"పాత ఇనప మేకులే మేలు సార్. బొక్క పడేది, పూడిపొయ్యేది. ఈ ప్లాస్టిక్ ముళ్లు గడ్డిని పీకతా ఉండాయి. మీరు బంతి కొట్టి మడమ మీద తిరగతారు సూడండి, ఈడంతా మీ పనే."

"ఏం చేయమంటావు?"

"కొండకు పొయ్యేవాళ్లు అలిపిరి కాడ చెప్పులు ఇడస్తారు గదా! లేకుంటే ముళ్లన్నా పీకేయండి."

ఇంటికొచ్చి స్పానర్ పట్టుకుని కూర్చున్నాను. నేను వదులుగా బిగిస్తానని, ఆసుపత్రిలో చేరే ముందు వారం నా భార్య సరళ స్పానర్ నా చేతిలోంచి లాక్కుని తనే బిగించిన ముళ్లు ఇవి. మరుసటి నెలకు తను లేదు.

ఒక్కొక్కటే తీశాను. పెద్దగా ఏమీ అనిపించలేదు. ఎడమ మడమ కిందిది మాత్రం తిరగలేదు. ఇంకాస్త బలం పెడితే వచ్చేదే. పెట్టలేదు.

గ్రీన్ చిరగడానికి ఆ ఒక్కటి చాలు. ఆ బూట్లు ఇక మైదానానికి రావని రేపు మునిరత్నానికి చెప్పాలి.