ఊలు ఉండల మీది కాగితం

మామయ్యగారూ,

కుక్కర్లో అన్నం ఉంది. సోయాముద్ద పులుసు వేడి చేసుకుని, ముల్లంగి కిమ్చీ పచ్చడితో తినండి. నేను డేగూ ఊళ్లో ఆసుపత్రికి, అత్తయ్య దగ్గరికి వెళ్తున్నాను.

మధ్యాహ్నం ఊలు పార్సిల్ తలుపు దగ్గర పెట్టి పోతారు. లోపల బూడిదరంగు ఉండలు మూడుంటాయి. వాటికి చుట్టిన కాగితం పట్టీలు మాత్రం దయచేసి తీయకండి. పోయిన నెల చెత్త వేరుచేస్తూ, పాత ఉండల పట్టీలన్నీ ఊడదీసి కాగితాల సంచిలో వేసేశారు. ఈ భవనంలో చెత్త మీ అంత పద్ధతిగా వేరుచేసేవాళ్లు లేరు, ఒప్పుకుంటాను. కానీ ఆ ఊలుకు ఏ విడతలో రంగు వేశారో చెప్పే నెంబరు ఆ పట్టీ మీదే ఉంటుంది; విడత మారితే రంగూ కాస్త మారుతుంది. మూడు వారాలు ఫోన్లో వెతికితే అదే కంపెనీ, అదే రంగు, మనకు అందే ధరలో దొరికింది. అదే విడతదో కాదో మాత్రం తెలియదు. స్వెట్టర్‌కు ఇంకా ఒక చెయ్యి అల్లాలి. అది కాస్త ముదురుగా రావచ్చు.

మందులు మరిచిపోకండి.

మిగ్యోంగ్

స్వెట్టర్ ఎవరికని అడిగారుగా. మీకే. చెప్పొద్దన్నారు అత్తయ్య. వేళ్లు వణుకుతున్నా ముందు భాగం, వెనక భాగం ఆవిడే అల్లారు. రంగు తేడా వస్తుందేమోనంటే నవ్వి, "నా జుట్టు ఎప్పుడు తెల్లబడిందో కూడా తెలీదే ఆయనకి, చెయ్యి రంగేం కనిపెడతారు" అన్నారు. ఆవిడ ఇంటికొచ్చాక, ఎదుట నిలబడి తొడుక్కున్నప్పుడు, దయచేసి ఏమీ కనిపెట్టకండి.