ఆదివారం వానలు

అనంతపురం,
14-6-2006

ప్రియమైన నాయనకు,

సీటు వచ్చింది నాయనా! హైదరాబాదులో ఎమ్మెస్సీ, ఆర్థిక గణితం. ఫీజు లేదు, హాస్టలు కూడా వాళ్లదే. ఆగస్టు ఏడున క్లాసులు మొదలు. అదేం చదువని అడుగుతావు. జరుగుతుందో లేదో తెలియని దానికి ముందే వెల కట్టడం. వాన పడకపోతే రైతుకు బీమా ఎంత ఇవ్వాలో ఈ లెక్కలతోనే తేలుస్తారట.

చేరేటప్పుడు మన ఊరి నుంచి ఏదైనా ఒక లెక్క తయారు చేసుకుని రమ్మన్నారు. నేను మన చేని మీద పడే వానను తీసుకున్నాను. వాన పడిన ప్రతిసారీ తేదీ, మన్ను తవ్వితే తడి ఎంత లోతు దిగిందీ రాసి పంపు. జానెడా, బెత్తెడా, నీ చేతి కొలత చాలు. నేను పలక మీద దిద్దించిన అక్షరాలు కూడా మరిచిపోకుండా ఉంటావు.

ఒక్క మాట. శెనక్కాయ విత్తేంత వాన పడి నేల పదును కాకపోతే నేను పోను. తాడిపత్రిలో ఒక బడిలో టీచరుగా రమ్మంటున్నారు. ఎండిన చేని దగ్గర మిమ్మల్ని వదిలి నేను చదువుకోలేను.

నీ కూతురు,
సుజాత

*

25-6-2006

పాపా సుజాతా,

నాయన రాస్తాండా. ఒత్తులు తప్పుంటే నవ్వొద్దు. ఇయ్యాల వాన పడినాది. జానెడు దిగినాది. చౌడప్ప మామ వచ్చి "వానకు లెక్కలు రాసే చదువు యాడన్నా ఉంటాదా అప్పా? నీ బిడ్డ నిన్ను ఎగతాళి చేస్తాండాది" అన్నాడు. "నీకు పేకముక్కల లెక్క తప్ప ఏం తెలుసు పోప్పా" అన్నా. మీ యమ్మ బాగుండాది. నువ్వు నిమ్మళంగా పో.

మీ నాయన,
ఆదెన్న

*

అనంతపురం,
12-7-2006

ప్రియమైన నాయనకు,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. మూడు వానలు! నిన్న యాడికిలోని మన మండలాఫీసు నుంచి వానల లెక్క తెప్పించి చూశాను. ఆ మూడు రోజులూ అక్కడ చుక్క పడలేదు. మన చేని మీద మాత్రం పడింది. మా డిగ్రీ కాలేజీ తిప్పేస్వామి సార్‌కు చూపిస్తే, "మండలం మొత్తానికి ఒకే చోట కొలిస్తే రైతుకు ఎంత అన్యాయం జరుగుతుందో నీ చేనే చెప్తోందమ్మా" అన్నారు. నాకు ఎంత గర్వంగా ఉందో! లెక్క అంతా దాని మీదే కట్టాను.

నీ ఉత్తరాలు విప్పితే మడతల్లోంచి తెల్లటి పొడి రాలుతోంది. ఏమిటది?

నీ కూతురు,
సుజాత

*

16-7-2006

పాపా,

పొడి అడిగినావు. అది సున్నం. ఇంటికి కొట్టినాము. ఇయ్యాల మళ్లా వాన, బెత్తెడు. విత్తనం ఏసినాము, మొలక బాగుండాది. పెట్టె సర్దుకున్నావా? ఆడ చలి ఉంటాదంట. దుప్పటి మర్చిపోవద్దు.

మీ నాయన,
ఆదెన్న

*

అనంతపురం,
27-7-2006

నాయనకు,

నీ అయిదో వాన కూడా అందింది. తేదీలన్నీ క్యాలెండరు మీద గుర్తు పెట్టాను. అయిదూ ఎర్ర అంకెల మీదే పడ్డాయి. అయిదూ ఆదివారాలే.

అయిదు వానలు వాటంతటవి ఆదివారాల్లోనే పడే అవకాశం పదహారు వేల ఎనిమిది వందల ఏడింటిలో ఒక్కటి. ఆ లెక్క వేసి పెన్ను కింద పెట్టేశాను. నిన్న, బుధవారం, చెప్పకుండా ఊరికి వచ్చాను. నువ్వు లేవు. చేనులో విత్తనం లేదు, మొలక లేదు. నెర్రెలే ఉన్నాయి.

అమ్మ గడప మీద కూర్చుని చెప్పింది: "నెల దాటినాది మీ నాయన తాడిపత్రిలో బండల పాలిష్‌కు పోయి. ఆదివారం వస్తాడు, నీకు జాబు రాస్తాడు, పోతాడు. ఒకటే దగ్గు. చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నాడు, నేనేం జేయల్ల?"

నేను వెతుక్కున్న అన్యాయం మండలాఫీసులో లేదు నాయనా. నీ ఉత్తరాల మడతల్లో రాలింది, రాతిపొడి. నేను దాన్ని దులిపేసి లెక్కలు కట్టుకున్నాను.

హైదరాబాదు పోను. బడివాళ్లకు వస్తానని చెప్పబోతున్నాను.

సుజాత

*

30-7-2006

పాపా,

అబద్ధం రాసినా. కొట్టాలనుకుంటే వచ్చి కొట్టు. వాన పడలేదంటే నువ్వు పోవు. వాన నా చేతిలో లేదు. రాసేది నా చేతిలో ఉండాది. అది నువ్వు నేర్పించిందే.

నువ్వు బడికి పోతే నేను ఈ పొడి ఎందుకు మింగినట్లు? పో. ఈ పొద్దు ఆదివారం. వాన లేదు. మబ్బు కూడా లేదు. సున్నా అని రాసుకో. ఇది నిజం.

మీ నాయన,
ఆదెన్న

*

హైదరాబాదు,
20-8-2006

ప్రియమైన నాయనకు,

వచ్చాను. నువ్వు చెప్పిన దుప్పటి కప్పుకునే రాస్తున్నాను.

అయిదు వానలూ కొట్టేసి అయిదు సున్నాలు పెట్టాను, ఆరోది నువ్వు ఇచ్చింది. లెక్క అంతా మళ్లీ కట్టాను. సమాచారం ఎవరిచ్చారన్న చోట నీ పేరు రాశాను. ఇక్కడి సార్, "ఈయన మాట నమ్మవచ్చా?" అని అడిగారు. "ఆదివారాలు నమ్మకూడదు సార్, మిగిలిన ఆరు రోజులూ నమ్మవచ్చు" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాలని చూశాను.

శెనక్కాయకు అదను దాటిపోయింది. ఇంక వాన పడినా ఈ ఏటికి విత్తలేము. కాబట్టి వాన గురించి నువ్వు అబద్ధం ఆడవలసిన పని లేదు. ఆదివారం జాబు మాత్రం మానొద్దు. ఈసారి వాన వద్దు, నీ దగ్గు రాయి. రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు, అంతా రాయి.

తగ్గిందని ఊరికే రాస్తే కనుక్కుంటాను నాయనా. అది నేర్చుకోవడానికే ఇక్కడికి వచ్చాను.

నీ జాబు కోసం ఎదురుచూసే
నీ కూతురు,
సుజాత